దసరా నిమ్మకాయలూ వింటర్ టైర్లూ

కెనడాలోని ఆంటారియోలో మనవాళ్ళు దసరాకి కారుకి పసుపు కుంకుమ పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. వింటర్ టైర్ల సంగతి పిల్లలతో మాట్లాడడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఇంకా మంచు పడి ఉండదు, షాపుల్లో అన్ని సైజులూ ఉంటాయి, పిల్లలు ఎలాగూ టైరు పక్కనే గొంతుకూర్చుని ఉంటారు. ఇంట్లో పదహారు నిండి జీ1 లైసెన్సు (నేర్చుకునేవాళ్ళకిచ్చే మొదటి లైసెన్సు) తీసుకున్న అమ్మాయో అబ్బాయో ఉంటే మరీ మంచిది. రేపు అదే కారుని మంచులో ఒంటరిగా నడిపేది వాళ్ళే కాబట్టి, కొనేముందు వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ముందు టైరు మీద రాసింది చదివించండి. 205/55ఆర్16 91టి అని ఉందనుకుందాం. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. డాట్ అన్న అక్షరాల తర్వాత వచ్చే వరసలో చివరి నాలుగంకెలు తయారైన తేదీ. 3823 అంటే 2023లో 38వ వారం. ఆ నాలుగంకెలు ఒక్కోసారి లోపలి వైపే ఉంటాయి, వంగి చూడాల్సిందే. సెకండ్ హ్యాండ్ టైర్లు కొనే స్టూడెంట్లు గాడి లోతు చూసి మోసపోతారు. గాడి లోతుగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోతే గట్టిపడి మంచు మీద పట్టు ఉండదు.

అసలు చలికాలపు టైరుకి బలం గాళ్ళలో కంటే రబ్బరులో ఎక్కువ. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందకి దిగితే ఆల్ సీజన్ టైరు (కారుతో మామూలుగా వచ్చేది) రబ్బరు బిగుసుకోవడం మొదలెడుతుంది. రోడ్డు పొడిగా ఉన్నా బ్రేకు దూరం పెరుగుతుంది. వింటర్ రబ్బరు మైనస్ ఇరవైలో కూడా మెత్తగానే ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురదా మంచూ) అన్న ముద్రని నమ్ముకోకండి, అది గాళ్ళ ఆకారాన్ని బట్టి వేసేది. మూడు శిఖరాల కొండ మధ్య మంచు రేకు ఉన్న గుర్తు కావాలి. దానికి పరీక్ష ఉంది, కానీ ఆ పరీక్ష అణిగిన మంచు మీద చక్రం ఎంత పట్టుకుని లాగుతుందన్నదానికే. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో ఆ గుర్తు చెప్పదు. ఏడాది పొడవునా విప్పకుండా వాడే ఆల్ వెదర్ టైరుకీ అదే గుర్తు, బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ లాంటి అసలు వింటర్ టైర్లకీ అదే గుర్తు. టొరంటో ఊళ్ళోనే తిరిగే రెండో కారుకి ఆల్ వెదర్ సరిపోవచ్చు. ఆటవా, ఎడ్మంటన్ లాంటి చోట్ల కొత్తగా నేర్చుకున్న పిల్లల చేతికిచ్చే కారుకి మాత్రం ఐస్ కోసం చేసిన అసలు వింటర్ టైర్లే వేయించండి.

"మనది ఏడబ్ల్యూడీ కదా, ఎందుకు దండగ" అన్న మాట పార్టీల్లో వింటూనే ఉంటాం. ఏడబ్ల్యూడీ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందడం. అది బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపడం నాలుగు టైర్ల పనే. ముందు వైపు రెండే మార్చి డబ్బు మిగిల్చుకుందామన్నా కుదరదు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో వెనక భాగం జారి బండి గిరగిరా తిరుగుతుంది.

సైజు విషయంలో ఒక మెట్టు దిగితే ఖర్చు తగ్గుతుంది. 225/45ఆర్17 ఉన్న కారుకి 205/55ఆర్16 వేస్తే మొత్తం వ్యాసంలో తేడా మూడు మిల్లీమీటర్లు కూడా రాదు, స్పీడోమీటరు దారి తప్పదు. చిన్న రిమ్ము బ్రేక్ క్యాలిపర్‌కి (చక్రం లోపల బ్రేకుని నొక్కే భాగానికి) తగలకుండా పడుతుందో లేదో మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి. విడిగా రిమ్ములు కొంటే ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే కూలీ మిగులుతుంది. నట్లు జాగ్రత్త. హోండా సొంత రిమ్ములకి గుండ్రటి అడుగున్న నట్లు వస్తాయి, బయట కొన్న రిమ్ములకి చాలావాటికి శంఖాకారపువి కావాలి. తప్పు నట్టు బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది.

బిగించే పని పిల్లలతోనే చేయించండి, చెప్పేదంతా తెలుగులో చెప్పండి. చేతిలో స్పానర్ ఉన్నప్పుడు విన్న మాట ఆదివారం తెలుగు క్లాసులో విన్నదానికంటే గట్టిగా నిలుస్తుంది. బండి నేలమీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి, ఆ తర్వాతే జాకీ ఎత్తి స్టాండు పెట్టాలి. రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల తుప్పు పట్టి చక్రం హబ్‌కి (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుపోతుంది. వైర్ బ్రష్‌తో ఆ తుప్పు గీకకుండా కొత్త చక్రం ఎక్కిస్తే సమంగా కూర్చోదు. టైరు మీద బాణం ఉంటే ముందుకి తిరిగే వైపు చూడాలి. నట్లు నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగించి, చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో కొలిచే స్పానర్‌తో) మాన్యువల్‌లో చెప్పిన లెక్కకి తేవాలి. చాలా చిన్న కార్లకి అది 100 న్యూటన్ మీటర్లకి అటూఇటూ. వంద కిలోమీటర్ల లోపు మళ్ళీ ఒకసారి సరిచూడాలి.

గాలి డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం, బండి రాత్రంతా బయటే ఉన్నాక పట్టాలి. ఉష్ణోగ్రత సుమారు ఐదున్నర డిగ్రీలు తగ్గితే ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పోతుంది. ఇరవై డిగ్రీల గరాజ్‌లో 33 నింపితే మైనస్ ఇరవైలో 26కి దిగుతుంది. వింటర్ రిమ్ములకి గాలి ఒత్తిడి చూసే సెన్సర్లు పెట్టించకపోతే చాలా కార్లలో డాష్‌బోర్డు మీద పసుపు లైటు చలికాలమంతా వెలుగుతూనే ఉంటుంది. కెనడాలో సెన్సర్లు తప్పనిసరి కాదు నిజమే, కానీ పిల్లలకి వెలుగుతున్న లైటుని పట్టించుకోకపోవడం అలవాటైతే కష్టం. ఆ డబ్బు పెట్టండి.

క్విబెక్‌లో రిజిస్టరైన కార్లకి డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం ఉండాలి. ఆంటారియోలో బలవంతం లేదు గానీ, 2016 నుంచి ఇన్సూరెన్సు కంపెనీలు వీటికి తగ్గింపు ఇచ్చి తీరాలి. అడిగితే గానీ రాదు.

మొదటి మంచు పడ్డాక అనుమతి ఉన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో, పక్కన మీరు కూర్చుని, ముప్పై వేగంలో బ్రేకు గట్టిగా తొక్కించండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తే పెడలు కాలి కింద గరగరమని అదురుతుంది. కొత్తవాళ్ళు భయపడి కాలు తీసేస్తారు, తీయకూడదు. తమ్ముడో చెల్లెలో కార్‌సీట్‌లో ఉంటే లావు జాకెట్ విప్పి బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పాలి. జాకెట్ నలిగితే బెల్టు వదులైపోతుంది.

ఉగాది పచ్చడి తిన్నాం కదా అని టైర్లు విప్పేయకండి. 2026లో ఉగాది మార్చి 19నే వచ్చింది, అప్పటికి ఇక్కడ చలి ఎక్కడికీ పోదు. వారం పాటు తెల్లవారుజామున కూడా 7 డిగ్రీల పైన ఉంటేనే తీయాలి. తీసేటప్పుడు ఏ చక్రం ఏ మూలదో సుద్దముక్కతో రాయించి, గాడి లోతు కొలిపించండి. 5 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మళ్ళీ దసరాకి కొత్తవి కొనాలి. రిమ్ములతో ఉన్నవి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టవచ్చు, రిమ్ములు లేనివి నిలబెట్టే ఉంచాలి, ఫర్నేస్‌కి దూరంగా.