మిద్దె మీద ఎండ, గదిలో ఆగిన ఫ్యాను

మే నెలలో అధ్యాపకుల శిక్షణ తరగతుల కోసం విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్ళాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి తెల్లవారి సికింద్రాబాదులో దిగడం, స్టేషను పునర్నిర్మాణ పనుల మధ్య దారి వెతుక్కుని మెట్రో అందుకోవడం, రాయదుర్గంలో దిగాక కొద్ది దూరానికే ఆటోవారు 300 రూపాయలు అడగడం, ఇవన్నీ ఆ దారి తెలిసినవారికి కొత్త కాదు కనుక వాటి జోలికి పోను. తరగతుల గురించి కూడా రాయడం లేదు. అక్కడ ఉండగా ఒక సాయంత్రం వీచిన గాలిదుమారం, ఆ తరువాత కరెంటు లేకుండా గడిచిన పగలు, ఆ పగలు పరిచయమైన ఒక సబ్‌స్టేషన్ ఆపరేటరు గారు, ఈ మూడింటి గురించే రాయాలనిపించింది. పేరు రాయవద్దని అక్కడివారు కోరారు కనుక, నగరానికి పడమటి వైపున ఉన్న ఒక విశ్వవిద్యాలయం అని మాత్రమే చెబుతాను.

హైదరాబాదు వేసవి సంగతి తెలిసిందే. పగలంతా ఎండ మాడ్చేస్తుంది; సాయంత్రం ఐదు దాటేసరికి ఒక్కసారిగా మబ్బు కమ్మి, దుమ్ము లేచి, పావుగంట సేపు వీచే ఈదురుగాలికి చెట్ల కొమ్మలు విరిగి తీగల మీద పడతాయి. మేము టీ తాగుతుండగా అదే జరిగింది. ఆవరణ బయట ఒక పెద్ద చెట్టు కూలి 11 కేవీ లైను మీద పడిందని, స్తంభాలు కూడా ఒరిగాయని, ఆ రాత్రికి కరెంటు వచ్చే ఆశ లేదని ఎనిమిదింటికి కబురు వచ్చింది. అతిథి గృహంలో గదికి రోజుకు 1,200 రూపాయలు తీసుకుంటున్నారు, కానీ జనరేటరు లైను అక్కడిదాకా లేదు. ఆ రాత్రి కిటికీ తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. తెల్లవారాక కుళాయిలో నీళ్ళు రాలేదు, ఎందుకంటే సంపు నిండా నీళ్ళున్నా పై ట్యాంకుకు ఎక్కించే మోటారుకు కరెంటు లేదు. గ్రైండరు తిరగనందువల్ల ఇడ్లీ పిండి లేదని భోజనశాలలో ఉప్మా పెట్టారు. తొమ్మిది గంటలకు చిరాకుతో మిద్దె ఎక్కి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సోలార్ ప్యానెళ్ళు, రాత్రి వాన కడిగిన ఆ అద్దాల మీద కళ్ళు చెదిరే ఎండ. ఇంత ఎండ కింద, ఇన్ని ప్యానెళ్ళ కింద, నా గదిలో ఫ్యాను తిరగడం లేదు.

కారణం నాకు తెలియనిది కాదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు నేను చెప్పే పాఠమే అది. మిద్దెల మీద మనం చూసే సోలార్ ఇన్వర్టర్లలో (ప్యానెళ్ళ కరెంటును లైనుకు తగినట్టు మార్చే పెట్టెల్లో) చాలా భాగం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, లైనులోని వోల్టేజీని, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని అనుసరించి నడిచేవి. లైనులో కరెంటు పోతే అవి రెండు సెకన్లలోపు తమంతట తాము ఆగిపోవాలన్నది నిబంధన. అలా ఆగకపోతే, లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి మన మిద్దె మీది కరెంటే ముప్పు తెస్తుంది. ఆ నిబంధనతో నాకు పేచీ లేదు. కరెంటు పోయిన క్షణంలో ఆవరణను బయటి లైను నుంచి పూర్తిగా విడదీసి, లోపల ఉన్న సోలార్‌తోను, బ్యాటరీతోను, అవసరమైతే జనరేటరుతోను తనంతట తాను నడిచేటట్టు చేసే మైక్రోగ్రిడ్ ఉంటే లైన్‌మన్‌కూ ముప్పు ఉండదు, ఎండ కూడా వృథా పోదు. పరిష్కారం తెలిసి కూడా దాన్ని ఇక్కడిదాకా తీసుకురాలేదన్నదే నా బాధ.

తరగతులు జరగవని తేలాక ఆవరణలో నడక సాగించాను. జీవశాస్త్ర విభాగం దగ్గరికి వచ్చేసరికి యంత్రాల చప్పుడు వినిపించింది. ఆరోగ్య కేంద్రంలో ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దాని ముందున్న కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. జనరేటరు హోరు మాత్రం ఎక్కడా లేదు. రోడ్డుకు ఇవతల నిన్న సాయంత్రం నుంచి కరెంటు లేదు. అవతల అసలు పోనే లేదు. ఇదెలాగని వాచ్‌మన్‌ను అడిగితే సబ్‌స్టేషన్ వైపు చెయ్యి చూపాడు.

అక్కడ డ్యూటీలో ఉన్న ఆపరేటరు గారు యాభై దాటిన మనిషి, సంగారెడ్డి దగ్గరి పల్లెవారు. నేను పంతులమ్మనని, విశాఖ నుంచి వచ్చానని చెప్పగానే "రండి మేడం, కూసోండి" అని కుర్చీ జరిపారు. ఆయన ఎదుట కంప్యూటరు తెర మీద బ్యాటరీలో మిగిలిన శాతం, సోలార్ ఉత్పత్తి, లోడు (ఆవరణ వాడుకుంటున్న కరెంటు) కదులుతూ కనిపిస్తున్నాయి. ఆయన మాత్రం ఆ తెరను గాక గోడకు అంటించిన ఒక కాగితాన్ని చూపించారు. "బయట బ్యాటరీ డబ్బా చూసి అందరు అదే గొప్ప అనుకుంటరు మేడం. అసలు పని ఈ కాయితంల ఉంది."

ఆ కాగితంలో ఆవరణలోని లోడు అంతా మూడు జాబితాలుగా ఉంది. మొదటిది ఎట్టి పరిస్థితిలోనూ పోకూడనిది: ఆరోగ్య కేంద్రం, పరిశోధన నమూనాలను మైనస్ 80 డిగ్రీల్లో ఉంచే ఫ్రీజర్లు, సర్వర్ల గది, నీటి మోటార్లు. రెండోది బ్యాటరీ, ఎండ ఉన్నంతవరకు ఇవ్వదగినది: గ్రంథాలయం, కొన్ని ప్రయోగశాలలు, అబ్బాయిల వసతి గృహాల్లో లైట్లు, ఫ్యాన్లు. మూడోది కరెంటు పోగానే తీసివేసేది: సెంట్రల్ ఏసీలు, సమావేశ మందిరం, అతిథి గృహం. కాగితం అడుగున విభాగాధిపతుల సంతకాలు వరుసగా ఉన్నాయి. మైక్రోగ్రిడ్ల బొమ్మలు నేను పుస్తకాల్లో చాలా చూశాను, కానీ సంతకాలున్న మైక్రోగ్రిడ్‌ను ఎన్నడూ చూడలేదు. "అందరు మాదే ముఖ్యం అంటరు. కరెంటు పోయినంక అడిగితే ఎవ్వరు తగ్గరు. అందుకే ఉన్నప్పుడే కూసోబెట్టి సంతకాలు తీసుకున్నం" అన్నారాయన.

నిన్న సాయంత్రం ఏం జరిగిందో ఆయన చెప్పిన తీరు నా పాఠం కన్నా మేలుగా ఉంది. లైను పడిపోగానే ఆవరణను బయటి లైనుతో కలిపే ప్రధాన బ్రేకరు తెరుచుకుని సంబంధం తెంచేసింది, మూడో జాబితా ఊడిపోయింది, బ్యాటరీ ఇన్వర్టరు కనురెప్ప వేసేలోపు వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని తానే నిర్ణయిస్తూ మిగిలిన లోడును ఎత్తుకుంది. అనుసరించే ఇన్వర్టరుకూ, ఇలా తానే గ్రిడ్‌గా నిలబడే ఇన్వర్టరుకూ తేడా అంతా ఇక్కడే ఉంది. తెల్లవారి ఎండ ఎక్కాక, ఆ బ్రేకరుకు లోపలి వైపున్న భవనాల మీది సోలార్ ఇన్వర్టర్లు ఆ వోల్టేజీని నిజమైన లైనుగా గుర్తించి మళ్ళీ పనిలోకి దిగాయి. ఒకవేళ బ్యాటరీ నిండిపోయి లోడు తక్కువగా ఉంటే ఫ్రీక్వెన్సీని 50 కన్నా కాస్త పైకి జరుపుతారు. అది చూసి సోలార్ ఇన్వర్టర్లు తమ ఉత్పత్తిని తగ్గించుకుంటాయి. నా అతిథి గృహం మిద్దె మాత్రం మరో ఫీడరు (సరఫరా లైను) మీద, బ్రేకరుకు బయట ఉంది. అందుకే అంత ఎండలోనూ అది మూగగా ఉండిపోయింది.

జనరేటరును ఆయన చివరి ఆసరాగా దాచుకుంటారు. లీటరు డీజిలుకు మూడు, మూడున్నర యూనిట్ల కన్నా రావు. ఇప్పటి ధరకు ఒక్క ఇంధనం ఖర్చే యూనిట్‌కు 25 రూపాయలు దాటుతుంది. అయినా మూడు రోజుల ముసురులో ఎండ రాకపోతే బ్యాటరీ ఒక్కటే నెట్టుకురాలేదు కనుక దాన్ని తీసివేయలేమని ఆయన అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో ఇబ్బంది కూడా ఆయన ప్రస్తావించారు. బయటి గ్రిడ్ ఉన్నప్పుడు ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ అయితే విపరీతమైన కరెంటు పారి బ్రేకరు వెంటనే తెగుతుంది. ఇన్వర్టర్లు తమ సామర్థ్యం కన్నా అంత ఎక్కువ కరెంటు ఇవ్వలేవు కనుక అదే లోపం ఆ బ్రేకరు కంటికి మామూలు లోడులా కనిపించవచ్చు. కాబట్టి ఒంటరిగా నడిచే వేళకు రిలేల (లోపాన్ని పసిగట్టి బ్రేకరును తెరిపించే పరికరాల) సెట్టింగులు వేరుగా ఉండాలి. కేబుళ్ళు, బ్యాటరీలు కొన్నంత శ్రద్ధగా దీన్ని పట్టించుకునేవారు తక్కువ.

పదకొండింటికి వసతి గృహాల ట్యాంకులకు నీళ్ళు ఎక్కించాలి. నేను ఆ రోజంతా చూసినవాటిలో నా మనసులో నిలిచిపోయినది ఆ పది నిమిషాలే. పెద్ద మోటారును నేరుగా ఆన్ చేస్తే మొదటి క్షణాల్లో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. నగరమంతటి గ్రిడ్‌కు అది లెక్కలోనిది కాదు. చిన్న గ్రిడ్ మాత్రం దానికి కుదేలైపోతుంది. ఆయన ముందు ఒక ప్రయోగశాలకు ఫోన్ చేసి చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) కాసేపు ఆపమన్నారు. అది ఆగిందని తెర మీద చూసి నిర్ధారించుకున్నారు. తరువాత సాఫ్ట్ స్టార్టరు (మోటారును ఒక్కసారిగా కాక నెమ్మదిగా మొదలుపెట్టే పరికరం) ఉన్న పెద్ద మోటారును మెల్లగా వేగం అందుకోనిచ్చి, వోల్టేజీ కుదురుకున్నాక, నేరుగా ఆన్ అయ్యే చిన్న మోటారును వేయించారు. గదిలో లైట్లు ఒక్కసారి మసకబారి తేరుకున్నాయి. ఆయన కళ్ళు తెర మీది నుంచి కదలలేదు. పంపు గది నుంచి ఫోన్ వచ్చింది: "నీళ్ళు ఎక్కుతున్నయన్నా." అప్పుడు గాని ఆయన చల్లారిన టీ అందుకోలేదు. ఆ పని చేస్తున్నంతసేపు ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగాలనిపించలేదు నాకు.

నీళ్ళ మాట రాగానే హుద్‌హుద్ గుర్తుకు వచ్చింది. 2014 అక్టోబరు 12న ఆ తుపాను మా విశాఖను తాకినప్పుడు నేను ఒక కళాశాలలో అమ్మాయిల వసతి గృహం చూసుకుంటున్నాను. స్తంభాలు నేలకూలి నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. మా జనరేటరులో డీజిలు మరునాటికే అయిపోయింది. పెట్రోలు బంకుకు వెళితే, కరెంటు లేక వాళ్ళ పంపులే పనిచేయడం లేదు. చీకటికి పిల్లలు రెండో రోజుకే అలవాటు పడ్డారు. నీళ్ళు లేకపోవడానికి ఎవరూ అలవాటు పడలేకపోయారు. మిద్దె మీద దుస్తులు ఆరేసే చోట ప్యానెళ్ళు పెట్టి, ఒక్క మోటారును ఒంటరిగా నడిపే ఏర్పాటు ఉన్నా చాలుననిపించింది అప్పుడు. ఆ కాలంలో మాకు జాబితా ఏదీ లేదు. ఉన్న కొద్ది డీజిలు కార్యాలయంలో కంప్యూటర్లకు, దీపాలకు ఖర్చయిపోయింది.

ఆపరేటరు గారికి జపాన్ సంగతి చెప్పాను. సెండాయిలోని తొహోకు ఫుకుషి విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మకంగా కట్టిన మైక్రోగ్రిడ్ 2011 మార్చి భూకంపం తరువాత, చుట్టుపక్కల కరెంటు లేని రోజుల్లో, ఆసుపత్రికి, వృద్ధుల సంరక్షణ భవనానికి విద్యుత్తు అందించింది. దాన్ని కట్టినప్పుడే ఏ లోడుకు ఎంత నమ్మకమైన కరెంటు కావాలో తరగతులుగా విడగొట్టి పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తన 15 మెగావాట్ల గ్యాస్ టర్బైనుతో బయటి గ్రిడ్ నుంచి విడిపోయి నడిచింది. ఆయన శ్రద్ధగా విని, "వాళ్ళ దగ్గర గ్యాసు పైపు తెగలేదు గదా, అది అదృష్టం" అన్నారు. నిజమే. ఇంధనం బయటి నుంచి రావలసినంత కాలం ఆ బలహీనత ఉండనే ఉంటుంది. ఎండకు పైపు అక్కరలేదు గాని దానికి రాత్రి ఉంది. రెండూ కలిపి పెట్టుకోవడమే మనవంటి చోట్ల తెలివైన పని.

అక్కడికి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థి, ఇంత చక్కగా నడుస్తుంటే డిస్కంతో పూర్తిగా తెంచుకోవచ్చు కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వంద కిలోవాట్ల లోడును ఐదు గంటలు మోయాలంటేనే 500 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కావాలి, పైగా దాన్ని అట్టడుగు దాకా వాడకూడదు. అదే ఏడాది పొడవునా, ఏసీలతో సహా మోయాలంటే కట్టే ఖర్చుకు అంతు ఉండదు. పెద్ద గ్రిడ్ చిన్న సంగతి కాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి అరవై కోట్ల మందికి పైగా ఇబ్బంది పడినప్పుడు దక్షిణ గ్రిడ్ నిలబడింది, ఎందుకంటే అప్పటికి దాన్ని మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలపలేదు. కానీ ఆ రోజుల్లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో గంటల కొద్దీ కోతలు, పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఉండేవి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో అంతా ఒక్కటయ్యాక ఒకరి కొరతను ఒకరు తీర్చుకునే వీలు పెరిగింది. కనుక ఆవరణ మామూలు రోజుల్లో పెద్ద గ్రిడ్‌తోనే ఉండాలి, చెట్టు కూలిన రోజున విడిపోగలగాలి.

మధ్యాహ్నం మూడు దాటాక లైనులోకి కరెంటు వచ్చింది. అయినా ఆయన వెంటనే కలపలేదు. కొన్ని నిమిషాల పాటు అది నిలకడగా ఉందో లేదో చూసి, రెండు వైపులా వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజు కోణం (వోల్టేజీ అలలు ఎగసిపడే వేళ) ఒక్కటయ్యాకే బ్రేకరు మూసుకోనిచ్చారు. తొందరపడి తప్పు కోణంలో కలిపితే యంత్రాలు దెబ్బతింటాయి.

ఆదివారం నాడు ఖైరతాబాదులో బంధువుల ఇంటికి వెళ్ళి, సాయంత్రం హుస్సేన్‌సాగర్ వైపు నడిచాను. నిజాం కాలంలో, 1920 ప్రాంతంలో, ఆ చెరువు ఒడ్డునే ఒక థర్మల్ విద్యుత్కేంద్రం నెలకొల్పారు. నగరం వాడుకునే కరెంటు నగరం నడిబొడ్డునే పుట్టేది. దాన్ని మూసి, కూల్చివేసి చాలా ఏళ్ళయింది. ఆ పొగ మళ్ళీ రావాలని ఎవరూ కోరరు. కాని వాడకానికి దగ్గరగా కొంతైనా ఉత్పత్తి ఉండడం ఈ నగరానికి పరాయి ఆలోచన కాదని అక్కడ అనిపించింది.

బయలుదేరే ముందు మరోసారి సబ్‌స్టేషన్‌కు వెళ్ళాను. అమ్మాయిల కొత్త వసతి గృహం పేరు ఏ జాబితాలోనూ కనిపించకపోవడం నన్ను వదలలేదు. అది కూడా అతిథి గృహం ఫీడరు మీదే ఉందట. బ్యాటరీ చాలక కాదని, ఫీడరు మార్చడానికి కందకం తవ్వి కేబులు వేయాలని, ఆ అంచనా పత్రం మంజూరు కోసం ఎదురుచూస్తోందని ఆపరేటరు గారు చెప్పారు. శిక్షణ ముగింపు పత్రంలో వసతి గురించి అభిప్రాయం రాయమన్న చోట నా ఫ్యాను సంగతి రాయలేదు. ఆ కేబులు వర్షాకాలం ముదరకముందే వేయమని రాసి సంతకం చేశాను. మా కళాశాలలోనూ అక్టోబరు తుపానుల లోపు ఇటువంటి కాగితం ఒకటి తయారు కావాలని ప్రిన్సిపాల్ గారికి రైలులోనే ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. మొదటి జాబితాలో మొదటి పేరుగా అమ్మాయిల వసతి గృహం నీటి మోటారును పెట్టాను.