ఘాట్ రోడ్డులో ఎడమ చక్రం గరగర

రాత్రంతా బయట నిలబెట్టిన కారు పొద్దున్నే కదలగానే గరగరమంటే మామూలుగా కంగారు పడక్కర్లేదు. చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్ పోత ఇనుముతో చేసింది, తేమ తగిలితే ఒక్క రాత్రికే దాని మీద సన్నటి తుప్పు పొర కట్టేస్తుంది, నాలుగుసార్లు బ్రేక్ నొక్కితే డిస్క్‌ని నొక్కి పట్టే ప్యాడ్లే ఆ పొరని గీకేసి డిస్క్‌ని మళ్ళీ మెరిపిస్తాయి. మేము కొండ మీది ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున ఈ శబ్దం వినపడటం, రోడ్డెక్కి కాస్త దూరం వెళ్ళేసరికి పోవడం జరుగుతూనే ఉంది. తిరుగు ప్రయాణం రోజు మాత్రం అది పోలేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకి, హీటర్ పెట్టి, లోపల అందరి ఊపిరికీ మసకబారిన కిటికీలు తుడుచుకుంటూ దిగడం మొదలుపెట్టాం. నేను నడుపుతున్నాను, అక్క ఎడమ పక్క సీట్లో, వెనక సామాన్ల మధ్య బావ. రోడ్డు జారకుండా చల్లిన ఇసుక, చిన్న కంకర మలుపుల్లో కుప్పలుగా ఉంది. రెండు మూడు మలుపులు దిగాక అక్కే ముందు పట్టింది. "ఒరే తమ్ముడూ, నా కాళ్ళ కింద ఏదో రాసుకుంటోంది చూడరా," అంది. నేను తుప్పే అయ్యుంటుందన్నాను. "నిన్నటి శబ్దం ఇది కాదు, ఇది బరువుగా ఉంది," అంది. తను చెప్పింది నిజమే. తుప్పు శబ్దం పొడిగా, పైపైన ఉంటుంది. ఇది ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్న శబ్దం, పాదం కింద ఫ్లోర్‌లోకి కూడా తెలుస్తోంది.

ఇలాంటప్పుడు అందరం వెంటనే పేర్లు మొదలుపెడతాం, చక్రం నున్నగా తిరిగేలా చేసే బేరింగ్ అని ఒకరు, జాయింట్ అని ఒకరు. అంతకంటే ముందు ఆ శబ్దం ఎప్పుడొస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నది చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చి వినాలి, లేకపోతే దేని వల్ల మారిందో తెలియదు. హీటర్ ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు దించాం. చలి చెంపల మీద కొడుతోంది కానీ ఎడమ పక్కనే కొండను తొలిచిన రాతి గోడ ఉండటం బాగా కలిసొచ్చింది, గోడ పక్కన నెమ్మదిగా పోతే చక్రం శబ్దం దానికి తగిలి తిరిగి స్పష్టంగా వినిపిస్తుంది. వేగం తగ్గిస్తే గరగర కూడా నెమ్మదించింది, ఆగితే ఆగింది. ఆగిన చోటే యాక్సిలరేటర్ కాస్త తొక్కి చూశాం, ఇంజన్ శబ్దం తప్ప ఏమీ లేదు. అంటే చక్రంతో పాటు తిరిగేదాంట్లోనే ఉంది విషయం. న్యూట్రల్‌లో వదిలి వినే పరీక్ష ఒకటుంది, అది చదును రోడ్డు మీద చేసేది, వాలులో గేరు తీసేసి దిగే పని ఎవరూ చేయొద్దు.

తర్వాత స్టీరింగ్. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, కాబట్టి ఎడమ బేరింగ్ పోయి ఉంటే కుడి మలుపులో హోరు పెరగాలి, ఎడమ మలుపులో తగ్గాలి. ఘాట్ రోడ్డులో మలుపులకి కరువా, ఇటూ అటూ తిరిగినా శబ్దంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంజన్ బలాన్ని ముందు చక్రానికి చేర్చే సీవీ జాయింట్ అయితే స్టీరింగ్ బాగా తిప్పి యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు టక టకమని కొట్టుకోవాలి, అదీ లేదు. బ్రేక్ మీద కాలు పెట్టగానే మాత్రం గరగర కాస్తా కరకరగా మారి పెడల్‌లోంచి అరికాలికి అదురు తెలిసింది, కాలు తీసేస్తే పూర్తిగా పోకుండా సన్నగా మిగిలింది. అక్కడితో నాకు అనుమానం బ్రేక్ మీదకి మళ్ళింది, వెంటనే రెండో గేరుకి దించాను. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంటే బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ కాస్త చదునుగా, వెడల్పుగా ఉన్న చోటు దాకా వచ్చి ఆపాం.

దిగగానే చేయాల్సిన పని ఒకటుంది, చలిలో అది ఇంకా బాగా పనిచేస్తుంది. అరచేతిని చక్రానికి తగలకుండా దగ్గరగా పెట్టి వేడి చూడటం. కుడి చక్రం దగ్గర నులివెచ్చగా ఉంది, ఎడమ చక్రం దగ్గర చేయి ఉంచలేకపోయాం. ఒకే రోడ్డు దిగిన రెండు చక్రాల మధ్య అంత తేడా ఉండకూడదు, ఎడమ వైపు ప్యాడ్ డిస్క్‌ని వదలడం లేదన్నమాట. బావ ఫోన్‌లో టార్చ్ వేసి చక్రం కమ్మీల మధ్య నుంచి చూసి, "ప్యాడ్ బాగానే ఉంది కదరా, సగానికి పైనే ఉంది," అన్నాడు. అటు నుంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. ప్రతి డిస్క్‌కి లోపలి వైపు ఇంకో ప్యాడ్ ఉంటుంది, బయట నుంచి ఎంత వంగి చూసినా అది కనపడదు. "లోపలిది చూడాలి బావా, చక్రం విప్పుదాం," అన్నాను.

వేడి తగ్గేదాకా ఆగి మొదలుపెట్టాం. హ్యాండ్‌బ్రేక్ మా బండికి వెనక చక్రాల మీద పనిచేస్తుంది కాబట్టి అది లాగి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టాం, లేకపోతే ముందు చక్రం చేత్తో తిరగదు. విప్పకముందే ఇంకో రెండు పరీక్షలు చేశాం. బావ చక్రాన్ని తిప్పుతుంటే నేను సస్పెన్షన్ స్ప్రింగ్ మీద వేళ్ళు ఆనించి ఉంచాను, బేరింగ్ లోపల పాడైతే ఆ గరుకు స్ప్రింగ్‌లోకి సన్నగా అదురులా వస్తుంది, చెవికి అందనిది కూడా వేలికి అందుతుంది. నున్నగా ఉంది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని, మళ్ళీ అటూ ఇటూ పట్టుకుని ఊపి చూశాం, ఎక్కడా వదులు లేదు. బేరింగ్‌ని పక్కన పెట్టేయొచ్చని అప్పటికి ధైర్యం వచ్చింది.

చక్రం తీసి, జాకీ జారినా బండి నేలకి కొట్టుకోకుండా దాన్నే బాడీ కింద పడుకోబెట్టాం. డిస్క్ వెనక పలచటి రేకు ఒకటుంటుంది, ఈ కంకర రోడ్ల మీద చిన్న రాయి ఎగిరి ఆ రేకుకీ డిస్క్‌కీ మధ్య ఇరుక్కుంటే భయంకరమైన శబ్దం చేస్తుంది, రాయి తీసేస్తే అంతటితో సరి. మాకూ అదే అయితే బాగుండునని చాలా ఆశపడ్డాం. రాయి లేదు. సీవీ జాయింట్ ఉండే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు తొడుగు చిరగలేదు, గ్రీజు చిమ్మిన మరకలూ లేవు. ఫోన్‌ని ఫ్లాష్ వేసి ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ వెనక్కి పోనిచ్చి వీడియో తీశాం. లోపలి ప్యాడ్‌కి రాపిడి పదార్థం ఒక చివర పూర్తిగా అయిపోయింది, వెనకుండే ఇనప పలకే డిస్క్‌కి తగులుతోంది. డిస్క్ లోపలి ముఖం మీద గోరు పెట్టి లాగితే ఆగేంత లోతు గాళ్ళు. బయటి ముఖమేమో అద్దంలా ఉంది.

ఒకే డిస్క్‌కి రెండు వైపులా ఇంత తేడా ఎందుకంటే, మా బండిలాంటి చాలా కార్లలో క్యాలిపర్‌కి పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కితే ఆ బలానికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. ఆ పిన్నులు జారకపోతే పనంతా లోపలి ప్యాడే చేస్తుంది, బ్రేక్ వదిలినా సరిగా వెనక్కి రాదు. క్యాలిపర్‌ని చేత్తో పట్టుకుని ఊపితే కాస్తయినా జారాలి, మాది బిగుసుకుపోయి ఉంది. కింది పిన్ను రబ్బరు తొడుగు చీలి ఉంది, అందులోంచి నీళ్ళు చేరి లోపల గ్రీజు ముద్దకట్టి తుప్పు పట్టింది. చలి ఆ పిన్నుని పాడు చేయలేదు, ఎప్పట్నుంచో బిగుసుకుంటున్న దాన్ని ఒక్కసారి పూర్తిగా పట్టేసింది, అంతే. గ్రీజు చలికి గట్టిపడుతుంది, చేరిన నీరు గడ్డకడుతుంది, కింద మైదానంలో ఇంకొన్నాళ్ళు లాగించేదేమో.

"మెల్లగా దిగిపోదాం, రెండో గేరులోనే," అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. చదును రోడ్డయితే ఆలోచించేవాణ్ణేమో, ఇంకా బోలెడు దిగుడు మిగిలుంది, ఇనుము మీద ఇనుము రాసుకుంటుంటే వేడి మామూలుగా ఉండదు, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కి అది మరిగిందంటే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. అక్క కూడా నా వైపే మాట్లాడింది. కిందికి ఫోన్ చేసి మెకానిక్‌ని పిలిచాం. అతను వచ్చేలోగా ఎండ శిఖరం దాటి మా దాకా వచ్చింది, తడిసిన రాతి గోడంతా పొగలు కక్కింది, లారీలు చిన్న గేరులో గుర్రుమంటూ ఒకదాని వెనక ఒకటి దిగిపోతుంటే వాటి చక్రాల శబ్దాన్ని కూడా చెవులు రిక్కించి విన్నాం. టెన్షన్‌తో మొదలైన పొద్దు అది, కానీ ఆ కొండను ఊళ్ళో ఉన్నప్పటికంటే ఆ రెండు మలుపుల మధ్య కూర్చునే బాగా చూశాం.

మెకానిక్ వచ్చాక వీడియో చూసి పెద్దగా మాట్లాడకుండా పనిలోకి దిగాడు. పిన్నులు లాగి, తుప్పు రుద్ది, బ్రేకుల కోసం వాడే సిలికాన్ గ్రీజు పెట్టాడు. మామూలు గ్రీజు పెడితే అక్కడి రబ్బరు ఉబ్బిపోయి మళ్ళీ పట్టేస్తుంది, మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఈ ఒక్క మాట అడగండి. ప్యాడ్లు ఎడమ, కుడి ముందు చక్రాలు రెండింటికీ మార్చాడు, ఒక్క చక్రానికే మారిస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. డిస్క్‌కి ఉండాల్సిన కనీస మందం దాని మీదే మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది, కొలిస్తే దానికంటే కొంచెం ఎక్కువే ఉంది, ఇంటికి చేరడానికి పనికొస్తుంది, చేరాక మార్చేయండి అన్నాడు. బండి కదపబోతుంటే ఆపి పెడల్‌ని చాలాసార్లు తొక్కించాడు. కొత్త ప్యాడ్లు పట్టడానికి పిస్టన్‌ని వెనక్కి నెట్టి ఉంటారు కదా, మొదటి తొక్కులకి పెడల్ నేలకి ఆనింది, తర్వాత గట్టిపడింది. ఆ గట్టిదనం రాకుండా వాలులో బండి కదిపి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

దిగుతున్నంతసేపూ కిటికీలు దించే ఉంచాం. కొత్త ప్యాడ్లు డిస్క్ గాళ్ళలో సర్దుకుంటూ కాసేపు బుసబుసమన్నాయి, వేడి మాత్రం రెండు చక్రాల దగ్గరా సమానంగా ఉంది. మైదానంలోకి వచ్చాక ఆపి చక్రం బోల్టులు ఎదురెదురుగా మళ్ళీ ఒకసారి బిగించాం. ఇంటికొచ్చాక ముందు డిస్కులు రెండూ మార్పించి కుడి వైపు పిన్నులు కూడా తీయించి చూస్తే, ఏ శబ్దమూ చేయని ఆ వైపు కూడా కింది పిన్ను తొడుగు చీలడం మొదలైంది. రెండు వైపులా తొడుగులు కొత్తవి వేయించాం.