నా 23 ఆప్షన్లు

సింగరాయకొండ నుంచి పిన్ని ఫోన్ చేసింది. తమ్ముడికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌లో 24 వేల చిల్లర ర్యాంకు వచ్చిందట. 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయినా మా ఇళ్ళల్లో ఇంకా ఎంసెటే. "నువ్వు ఒకసారి దెబ్బ తిన్నావు గదా, వీడి ఆప్షన్లు నువ్వే చూసి పెట్టు" అంది. నేను చదివినవాళ్ళలో మొదటిదాన్నని కాదు, దెబ్బ తిన్నదాన్నని అడిగింది. సరే అన్నా.

ఆ దెబ్బ 2018 నాటిది. మాది బిట్రగుంట. నాయనది స్టేషన్ దగ్గర టిఫిన్ అంగడి. నేను రోజూ కావలికి వెళ్ళి ఇంటర్ చదివా. ర్యాంకు 21 వేలు దాటింది. ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండబట్టి ఆ మాత్రమైనా వచ్చింది.

వెబ్ ఆప్షన్లంటే, మనకు కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడం. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. నెట్ సెంటర్ అన్న దగ్గరికి పోయాం. కూర్చోబెట్టాడు, ర్యాంకు అడిగాడు, ముందు ఏడాది ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పే ఆఖరి ర్యాంకుల పట్టిక తీశాడు. "ఖాయంగా వచ్చేవి పైన పెడదాం, అనుమానంగా ఉండేవి కింద పెడదాం" అన్నాడు. వినడానికి ఎంత సబబుగా ఉంది! నాయన తలూపాడు. నేనూ ఊపా. మొత్తం 23 ఆప్షన్లు. ఒకటోది మాకు దగ్గర్లోనే ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్. నేను ఆశపడిన కలికిరి జేఎన్‌టీయూ ఈసీఈ పదకొండోది.

సీట్ల కేటాయింపు మొదటి విడతలో ఒకటో ఆప్షనే వచ్చింది. నాయన అంగడిలో ఆ పూట అందరికీ టీ ఊరికే పోశాడు. నాకే ఎందుకో అనుమానం తీరక, రాత్రి ఫోన్‌లో కలికిరి వివరాలు వెతికా. అక్కడ అమ్మాయిల ఈసీఈ సీటు నాకన్నా రెండు వేలు వెనక ర్యాంకుకు ఆగింది. అంటే అది నాకు వచ్చేదే. దాన్ని పదకొండో వరసలో పెట్టింది మేమే.

అసలు సంగతి ఇంతే. కంప్యూటరు ఒకటో ర్యాంకు నుంచి వరసగా వస్తుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ జాబితాను పైనుంచి చూసుకుంటూ పోయి, సీటు ఖాళీగా కనిపించిన మొదటిచోట నిన్ను కూర్చోబెట్టి తర్వాతి ర్యాంకు దగ్గరికి వెళ్ళిపోతుంది. కింద ఏముందో చూడదు. రాని కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు, దాన్ని దాటి రెండోదానికి వస్తుంది. అంతగా ఇష్టం లేనిదైనా వచ్చేది గదా అని పైన పెడితేనే ప్రమాదం.

నాయనది మరీ తెలివితక్కువ లెక్కేమీ కాదు, అది చెప్పాలి. దగ్గర కాలేజీ అయితే హాస్టల్ ఖర్చుండదు, పొద్దున ఇడ్లీ తిని రైలెక్కొచ్చు. కానీ అప్పట్లో పదివేలు దాటిన ర్యాంకులకు ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు 35 వేల దాకానే. ఆ కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువ, పైది చేతినుంచి కట్టాలి. కలికిరి లాంటి ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఆ బాధ లేదు. ఈ రెండో లెక్క ఆ రోజు ఎవరం వేయలేదు.

రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టా. ఈసారి కలికిరి పైన. అప్పటికి అక్కడ ఈసీఈ నిండిపోయింది, ట్రిపుల్‌ఈ, అంటే ఎలక్ట్రికల్ వచ్చింది. కొత్తది వస్తే పాత సీటు పోతుందని తెలిసే పెట్టా. అమ్మ మాత్రం "అంత దూరం ఏందిమే" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. వాడికి నా జాబితా పనికిరాదు. మా ఊరికీ వాళ్ళ ఊరికీ రైల్లో గంట ప్రయాణం కూడా లేదు, కానీ నెల్లూరు జిల్లాలో చదివిన నేను తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతానికి లోకల్, ప్రకాశంలో చదివిన వాడు విశాఖ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతానికి లోకల్. ఏ ప్రాంతం కాలేజీల్లోనైనా 85 శాతం సీట్లు అక్కడి లోకల్ వాళ్ళకే. నాకు తిరుపతి, అనంతపురం, పులివెందుల, కలికిరి. వాడికి కాకినాడ, విజయనగరం, నరసరావుపేట, ఇంకా గుంటూరు, విజయవాడ చుట్టూ ఉన్న ప్రైవేటు కాలేజీలన్నీ. తిరుపతి కావాలంటే మిగిలిన 15 శాతంలో పోటీ పడాలి. పుట్టిన ఊరు కాదు, ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివామన్నది చూస్తారు. మా ఇంకో బాబాయి కొడుకు తొమ్మిదో తరగతి నుంచి గుంటూరు హాస్టల్లోనే ఉన్నాడు. పుట్టింది బిట్రగుంటే అయినా వాడూ ఏయూ లోకలే అయ్యాడు.

ఆదివారం ప్యాసింజర్‌లో వెళ్ళా. ముందు కంప్యూటరు తెరవనివ్వలేదు. తెల్లకాగితం ఇచ్చి, ర్యాంకు మర్చిపోయి నీకు ఏది ఇష్టమో వరసగా రాయమన్నా. గంటసేపు రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. పైన విశాఖపట్నం ఏయూలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టాడు. పిన్ని తొంగి చూసి నవ్వింది, "ఈ ర్యాంకుకా?" అని. ఉండనివ్వమన్నా. ఆ తర్వాతే ఆఖరి ర్యాంకుల పట్టిక తీశాం. అదీ ఒక్క పనికే: జాబితా అడుగున వాడికి ఖాయంగా వచ్చేవి నాలుగైదు ఉన్నాయా లేదా చూడటానికి. లేవు. ఒంగోలువి రెండు, చీరాల వైపుది ఒకటి చేర్చాం.

మొత్తం 41 అయ్యాయి. ఫ్రీజ్ చేయడానికి, అంటే ఇక మార్చకుండా ఖాయం చేయడానికి ఇంకా రెండు రోజులుంది. నిన్న రాత్రి వాడు మెసేజ్ పెట్టాడు, "అక్కా, నరసరావుపేట పైనా, విజయనగరం పైనా?" అని. నువ్వే చెప్పరా అన్నా. ఇంకా జవాబు రాలేదు.