పాజీ తలపాగా, నాన్న తలగుడ్డ

విశాఖపట్నంలోని ఒక కర్మాగారంలో తొమ్మిదేళ్ళు భద్రతా విభాగంలో పనిచేసి, బ్రిటన్ వెళ్ళి బర్మింగ్‌హామ్ దగ్గర ఒక నిర్మాణ సంస్థలో సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేరిన మొదటి వారంలోనే నేనొక పెద్ద తప్పు చేశాను. హెల్మెట్ లేకుండా, నీలిరంగు తలపాగాతో సైటులోకి వస్తున్న అరవై ఏళ్ళ సిక్కు తాపీమేస్త్రీని గేటు దగ్గర ఆపి, అది తీసి హెల్మెట్ పెట్టుకుంటేనే లోపలికి పంపుతానని పదిమంది ముందూ చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. "బాబూ, ఇది తీసేది కాదు. మీ ఆఫీసులో చట్టం కాగితాలు ఉంటాయి, చూసి రా. అందాకా నేనిక్కడే నిలబడతాను" అని హిందీలో అన్నారు.

చూశాను. తలపాగా ధరించిన సిక్కులు నిర్మాణ స్థలాలలో హెల్మెట్ పెట్టుకోనక్కర్లేదని అక్కడ 1989లోనే చట్టం వచ్చింది. 2015లో ఆ మినహాయింపును దాదాపు అన్ని పనిచోట్లకూ విస్తరించారు. అగ్నిమాపక, సైనిక విధులలో కొన్ని ప్రమాదకర సందర్భాలు మాత్రం దీని కిందికి రావు. తలకు దెబ్బ తగిలితే, హెల్మెట్ ఉన్నా తగిలేపాటి గాయానికి మాత్రమే ఇతరుల మీద బాధ్యత ఉంటుంది, మిగిలిన ప్రమాదాన్ని ఆ మనిషి తెలిసే తన మీద వేసుకుంటున్నాడు. పై అంతస్తు నుంచి నట్టు పడి సొట్టపోయిన హెల్మెట్‌ను విశాఖలో నా బల్ల మీద పెట్టుకుని కొత్తగా చేరినవారందరికీ చూపించినవాణ్ణి నేను. ఆ సొట్ట ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది కనుక, ఈ మినహాయింపును చదివిన క్షణంలోనే మనసు ఒప్పుకుందని చెప్పలేను. గేటు దగ్గరికి తిరిగి వచ్చి, అందరూ వినేటట్టే ఆయనకు క్షమాపణ చెప్పాను.

ఆ తరువాత మధ్యాహ్న భోజనాల దగ్గర ఆ మేస్త్రీయే, నేను పాజీ (పంజాబీలో అన్న) అని పిలిచే ఆయనే, నాకు అన్నీ చెప్పారు. 1699 వైశాఖీ నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజాన్ని, నెలకొల్పారు. ఆ దీక్ష తీసుకున్నవారు ధరించే కేశాలు, దువ్వెన, ఉక్కు కడియం, కచ్ఛా (పొట్టి లాగు), కిర్పాన్ (చిన్న కత్తి) అనే ఐదు గుర్తులలో తలపాగా పేరు లేదు. కానీ మొదటి గుర్తయిన కేశాలను కాపాడేది అదే కాబట్టి ఐదింటితో సమానంగా చూసుకుంటారు. "ఒకప్పుడు పాగా దొరలకే ఉండేది. గురువుగారు అందరి తలకూ చుట్టించారు" అన్నారాయన. తండ్రి పోతే పెద్దకొడుకు తలకు బంధువుల సమక్షంలో పాగా కట్టి ఇంటి బాధ్యతను అప్పగిస్తారట. వుల్వర్‌హాంప్టన్‌లో తలపాగాతో, గడ్డంతో పనికి వచ్చిన సిక్కు బస్సు డ్రైవరును 1967లో ఇంటికి పంపించడం, నిషేధం తొలగించేదాకా 1969 వరకు సాగిన పోరాటం గురించి ఆయన సొంత ఇంటి కథలాగా చెప్పుకొచ్చారు.

వింటున్నంతసేపూ నాకు మా నాన్నే గుర్తుకొచ్చారు. నాన్న పోర్టులో కలాసీ. ఎండకూ బరువుకూ తలకు తువ్వాలు చుట్టుకునేవారు. ఆఫీసరు ఎదురైతే చాలు, ఆ తువ్వాలు తల మీంచి చంకలోకి వచ్చేది. గుడి ముందైనా అంతే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తెల్లని తలపాగాతోనే అందరికీ గుర్తుండిపోయారు. మన దగ్గర పెద్దల తల మీదుంటే తలపాగా, కూలివాడి తల మీదుంటే తలగుడ్డ. ఒకటి గౌరవం కోసం చుట్టుకునేది, రెండోది గౌరవం చూపడానికి విప్పేది. నేను గేటు దగ్గర పాజీని అడిగింది, పోర్టులో నాన్న రోజూ చేసిన పనే. ఆ సంగతి తట్టినప్పుడు కడుపులో దేవినట్టయింది.

ఒక ఆదివారం పాజీ ఇంటికి వెళితే, ఆయన ఆరేడు మీటర్ల పలుచని గుడ్డ ఒక కొసను నా చేతికిచ్చి రెండో కొస తాను పట్టుకున్నారు. గుడ్డను బిగించి లాగుతూ, నిలువునా మడతమీద మడత వేయాలి. పెదగంట్యాడలో మా డాబా మీద, గంజి పెట్టిన నూలుచీర ఆ కొస అమ్మ, ఈ కొస నేను పట్టుకుని లాగిన సాయంత్రాలు నా చేతులకు గుర్తొచ్చాయి. తరువాత ఆయన అద్దం ముందు నిలబడి, ఒక కొసను పళ్ళమధ్య బిగించి, మొదటి చుట్టు చెవిమీదుగా ఏటవాలుగా తెచ్చి, ఒక్కొక్క పొరా కిందిదానికంటే వేలెడు పైకి వచ్చేలా చుట్టారు. చివరి కొస లోపలికి దోపి, సన్నని ఉక్కు పుల్లతో మడతలు సరిచేసుకున్నారు. అంతసేపూ ఆయన పెదవులు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి. తొందరపెట్టి విప్పించగలిగే వస్తువు కాదని నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

మొన్న సెలవులో నాన్నను సీతమ్మధార గురుద్వారాకు తీసుకెళ్ళాను. మెట్ల దగ్గర అలవాటుగా తల మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నారు. అక్కడ సేవచేస్తున్న కుర్రవాడు నవ్వుతూ, తల కప్పుకోమని సైగ చేశాడు. నాన్న నావైపు చూసి, "ఇక్కడ తియ్యక్కర్లేదేంట్రా?" అని అడిగారు. "తియ్యకూడదు నాన్నా" అన్నాను. తువ్వాలు దులిపి, రెండు చేతులా చెవులమీదుగా నెమ్మదిగా చుట్టుకుని, కొస లోపలికి దోపుకుని, నాకంటే ముందు లోపలికి నడిచారు.