పూజ వైన్ ట్యాంకు దగ్గర పని

నేను పనిచేసే వైనరీలో ఒక ట్యాంకు క్యాథలిక్ చర్చిల్లో పూజకు, అంటే మాస్‌కు వాడే వైన్‌కే కేటాయించారు. అక్కడ డ్యూటీ పడితే చక్కెర బస్తా, ఫ్లేవర్ డబ్బా ఆ ఛాయలకే రానివ్వం. పుట్టుకతో క్యాథలిక్‌నే అయినా, పూజలో ఫాదర్ ఎత్తే పానపాత్రలో పోసేది ఎలాంటి వైనో దేశం దాటి ఈ పనిలో చేరాకే నాకు వివరంగా తెలిసింది.

ఇంటికి ఫోన్ చేస్తే మనవాళ్లు అడిగేది ఒకటే: ఎర్రదే కావాలా, ఖరీదైనదా? రెండూ కాదు. తెల్లదైనా చెల్లుతుంది. పీఠం మీది గుడ్డలకు మరక పడదని చాలామంది ఫాదర్లు తెల్లదే తెప్పించుకుంటారు. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం, అంటే 1983 నాటి కానన్ లా, 924వ సూత్రంలో అడిగేది వేరు. వైన్ ద్రాక్షపండు నుంచి వచ్చిన సహజమైనదై ఉండాలి, చెడిపోయి ఉండకూడదు. పూజలో అందులో కొద్దిగా నీళ్లు కలుపుతారు. ఆపిల్, దానిమ్మ వంటి వాటితో చేసినది ఎంత బాగున్నా పనికిరాదు. పరాయి పదార్థం ఏదీ కలపకూడదని, ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానం ఉన్న వైన్ అసలు వాడవద్దని 2004లో వాటికన్ మళ్లీ గట్టిగా చెప్పింది. అందుకే మా దగ్గర పండు ఏ తోటదో, ఎప్పుడు పిండామో, ఏం వేశామో అంతా రిజిస్టర్‌లో ఎక్కాల్సిందే.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం గాలి. ట్యాంకు పైన ఖాళీ మిగిలితే గాలి తగిలి, బాక్టీరియా చేరి, వైన్ వెనిగర్ దారి పడుతుంది. మూత తీయగానే ముక్కుకు ఘాటుగా తగిలితే ఇక ఆలస్యం చేయకూడదు, శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాలి. పూర్తిగా వెనిగర్ అయిపోయాక దానితో పూజ చెల్లదు. మామూలు వైన్ పాడైతే డబ్బు నష్టం, అంతే. ఇక్కడ నా అజాగ్రత్త వల్ల ఎక్కడో ఒక ఊరి జనం మొత్తానికి సత్ప్రసాదం (పూజలో పవిత్రంగా అందుకునే రొట్టె, వైన్) లేకుండా పోతుందన్న భయం నాకు నిజంగా ఉంటుంది. చర్చిల్లోనూ సీసా తెరిచాక వారాల తరబడి అలా వదిలేయకూడదు, చల్లగా మూత బిగించి పెట్టాలి.

ఒకప్పుడు పూజ వైన్ ఎక్కువగా మఠాల వాళ్లే చూసుకునేవారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్లలో, ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతోంది కాబట్టి నాణ్యత మీద కన్నేసి ఉంచమని 2017లో వాటికన్ బిషప్పులకు లేఖ రాసింది. మంచి పని చేసిందని నా అభిప్రాయం.

మద్యం పడని ఫాదర్లకూ ఒక దారి ఉంది. మస్టమ్ అంటారు. తాజా ద్రాక్షరసాన్ని గడ్డకట్టించో, దాని స్వభావం మారని మరో పద్ధతిలోనో పులియడం ఆపుతారు. దాన్ని వాడాలంటే ముందుగా బిషప్ అనుమతి తీసుకోవాలి.