కొలమానం గడి

విద్యార్థుల లక్ష్య పత్రాలు సమర్పించడానికి ఈరోజే ఆఖరు గడువు. ప్రతి విద్యార్థికీ మూడేసి లక్ష్యాలు ఉండాలి. ప్రతి లక్ష్యానికీ ప్రస్తుత స్థాయి, చేరవలసిన స్థాయి, గడువు తేదీ, కొలమానం, ఆధారం అనే ఐదు గడులు నింపాలి. ముందు కాగితం మీద రాయించి, విద్యార్థి చేతా తల్లిదండ్రుల చేతా సంతకాలు పెట్టించి, ఆ తరువాత అదంతా యాప్‌లో ఎక్కించి, ఎక్కించినదాన్ని మళ్ళీ ప్రింటు తీసి ఫైలులో పెట్టాలి. ఇంత తతంగం వల్ల పిల్లవాడికి కొత్తగా తెలిసేదేమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఉదయం రెండో పీరియడ్ నాకు లీజర్. నోటుపుస్తకాలు దిద్దుదామని కట్ట ముందు పెట్టుకున్నానో లేదో, ఫోనులో గ్రూపు సందేశం మోగింది. పైన ‘మోస్ట్ అర్జెంట్’ అని ఉంది; గత పరీక్షలో ప్రతి సబ్జెక్టులో ఏ శ్రేణిలో ఎంతమంది ఉన్నారో బాలురు, బాలికలు, మొత్తం అని విడదీసి గంటలోగా పంపాలట. ఆ మార్కులు ఇప్పటికే నా మార్కుల పుస్తకంలో ఉన్నాయి, రిజిస్టరులో ఉన్నాయి, ప్రగతి పత్రాల్లో ఉన్నాయి, యాప్‌లోనూ ఉన్నాయి. యాప్‌లో ఉన్న అంకెలను యాప్ పెట్టినవాళ్ళే మళ్ళీ మమ్మల్ని అడగడం ఎందుకని ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే ప్రశ్నించడానికి పట్టే సమయంలో ప్రొఫార్మా నింపేయవచ్చు. పక్క బల్ల దగ్గర కూర్చున్న లెక్కల మాస్టారు కళ్ళజోడు సవరించుకుంటూ, “పిల్లలకేమో కూడిక నేర్పుతాం మేడమ్, పైవాళ్ళకు మాత్రం కూడి పెడతాం” అన్నారు. స్టాఫ్‌రూములో నవ్వు వినిపించింది గాని, ఎవరూ తలెత్తలేదు. అందరూ అదే ప్రొఫార్మా నింపుతున్నారు.

రాతపని అంతా వ్యర్థమని నేను అనను. హాజరుపట్టీని ఓపికగా చూస్తే ఒక పిల్లవాడు ప్రతి సోమవారం మానేస్తున్నాడని తెలుస్తుంది, దాని వెనక ఇంట్లో ఏదో ఉందని అడగాలనిపిస్తుంది. కిందటి తరగతి ఉపాధ్యాయురాలు రాసి పెట్టిన ఒక్క వాక్యం వల్లనే, వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయికి బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. ఆ రాతను ఎవరో చదువుతారని ఆమె నమ్మి రాసింది, నేను చదివాను. ఇప్పుడు మేము నింపుతున్న గడుల్లో చాలావాటికి అలాంటి చదువరి లేడు. తనిఖీకి వచ్చేవారు గడి నిండిందా లేదా అని చూస్తారు. నిండినదానిలో ఏముందో చూడటానికి వారికి సమయం లేదు, ఎందుకంటే వారు కూడా తమ పైవారికి ఒక ప్రొఫార్మా నింపాలి.

ఈ బాధ ఒక్క బడిదో ఒక్క దేశానిదో కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2018లో 48 దేశాలు, ప్రాంతాల్లోని ఉపాధ్యాయులను సర్వే చేసినప్పుడు, ఒత్తిడికి కారణాలేమిటని అడిగితే సంస్థ సభ్యదేశాల్లో సగటున దాదాపు సగం మంది చెప్పినది పాలనాపరమైన రాతపనినే. అల్లరి తరగతులను గాని, తల్లిదండ్రుల ఫిర్యాదులను గాని అంతమంది పేర్కొనలేదు. బడి ముగిశాక ఇంట్లో చేసే పనిని పక్కన పెట్టినా, తరగతి గది లోపలి సమయంలోనే సుమారు 8 శాతం హాజరు వేయడానికీ ఫారాలు పంచి తీసుకోవడానికీ పోతోందని అదే సర్వే లెక్క తేల్చింది. ఈరోజు నా ఏడో తరగతి పీరియడ్‌ను ఎవరైనా కొలిచి ఉంటే ఆ శాతం చూసి నవ్వుకునేవారు, ఎందుకంటే పీరియడ్ మొత్తం లక్ష్యాలకే సరిపోయింది.

పిల్లలకు ముందుగా ఫారం ఇవ్వలేదు. ఈ సంవత్సరం మీకు ఏది చేయగలిగితే సంతోషంగా ఉంటుందో రఫ్ కాగితం మీద మీ మాటల్లో రాయండని చెప్పాను. కాసేపు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఆ తరువాత నిజంగానే రాశారు. ఒక అమ్మాయి, ‘గట్టిగా చదివేటప్పుడు నా గొంతు వణకకూడదు’ అని రాసింది. ఒక అబ్బాయి, ‘నా పక్కన కూర్చునేవాడు రోజూ బడికి రావాలి’ అని రాశాడు. మరొకడు భిన్నాలు అర్థం కావాలని రాసి, కొట్టేసి, భిన్నాలంటే భయం పోవాలని రాశాడు. ఆ కాగితాలు చదువుతున్నంతసేపూ ఈ లక్ష్యాల కార్యక్రమం తలపెట్టినవారి మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. అడిగితే తప్ప ఈ సంగతులు నాకు తెలిసేవి కావు.

చిక్కు ఆ తరువాత వచ్చింది. కొలమానం గడిలో మన ఇష్టం వచ్చినట్టు రాయడానికి వీలులేదు. శాతం, మార్కులు, నిమిషానికి పదాలు, హాజరు దినాలు అని నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. వణుకుకు ఆ నాలుగింటిలోనూ చోటు లేదు. అమ్మాయిని దగ్గరికి పిలిచి, నిమిషానికి ఎన్ని పదాలు చదువుతుందో గడియారం పెట్టి చూశాను. ఆ అమ్మాయి పుస్తకాన్ని రెండు చేతులతో ముఖానికి అడ్డంగా పట్టుకుని, మామూలు కన్నా తొందరగా, చివరి అక్షరాలు మింగేస్తూ చదివింది. ప్రస్తుత స్థాయి గడిలో 70, చేరవలసిన స్థాయి గడిలో 100 వేశాము. ఆమె ఆ అంకెలకేసి చూసి, “టీచర్, నిమిషానికి వంద పదాలు చదివితే వణుకు పోతుందా?” అని అడిగింది. వేగంగా చదవడమే ఆమె వణుకును దాచుకునే ఉపాయమని ఆ నిమిషంలోనే నాకు కనిపించింది. ఆమెకు కావలసింది నెమ్మదిగా, ఆగవలసిన చోట ఆగుతూ, తప్పు పోయినా ఎవరూ నవ్వరన్న ధీమాతో చదవడం. మా పత్రం ఆమెను సరిగ్గా దానికి ఎదురుదారిలో నడవమంటోంది.

పక్కవాడు రావాలని రాసిన అబ్బాయి సంగతి ఇంకా విచిత్రం. లక్ష్యం విద్యార్థికి సొంతమైనదై ఉండాలన్నది నిబంధన కనుక, అతని మిత్రుడి హాజరును ఇతని పత్రంలో రాయడానికి కుదరదు. ఎప్పుడూ బడి మానని పిల్లవాడి చేత ‘నా హాజరును 95 శాతానికి చేరుస్తాను’ అని రాయించవలసి వచ్చింది. మూడో బెంచీలో కూర్చునే తెలివైనవాడు మాత్రం ఎవరి సాయమూ లేకుండా ఫారం నింపేశాడు. కిందటిసారి 72 మార్కులు వచ్చినవాడు లక్ష్యంగా 60 వేసుకున్నాడు. ఇదేమిటని అడిగితే, “లక్ష్యం అందుకోవాలి కదా టీచర్” అన్నాడు. అతని సమాధానంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. సామాజిక నిర్ణయాలకు ఒక అంకెను ఎంత ఎక్కువగా ఆధారం చేసుకుంటే ఆ అంకె అంతగా కలుషితమవుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే వివరించి, బడి పరీక్షలనే ఒక ఉదాహరణగా చూపారు. మావాడు అది చదవకుండానే గ్రహించాడు.

లక్ష్యాలను ఇలా ముక్కలుగా, కొలతలుగా రాయించే పద్ధతి బడిలో పుట్టినది కాదు. సంస్థలను లక్ష్యాల ద్వారా నడపాలన్న ఆలోచనకు 1954లో యాజమాన్య నిపుణుడు పీటర్ డ్రకర్ ప్రాచుర్యం తెచ్చారు. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవగలిగేదిగా, ఒకరికి అప్పగించగలిగేదిగా, సాధ్యమయ్యేదిగా, గడువుతో ఉండాలనే ‘స్మార్ట్’ సూత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ కంపెనీ నిర్వాహకుల కోసం ఒక వ్యాసంలో రాశారు. రాసే ప్రతి లక్ష్యానికీ ఆ ఐదు లక్షణాలూ ఉండి తీరాలని తన ఉద్దేశం కాదని డోరన్ ఆ వ్యాసంలోనే చెప్పారు. ఆ మాట దారిలో ఎక్కడ రాలిపోయిందో గాని, మా యాప్ దాకా మాత్రం రాలేదు. ఇక్కడ ఐదు గడుల్లో ఒకటి ఖాళీగా ఉన్నా ‘సమర్పించు’ మీట పనిచేయదు.

పోనీ, కష్టమైన, స్పష్టమైన లక్ష్యం పెడితే పని మెరుగుపడుతుందన్న మాట అబద్ధమా అంటే, అదీ కాదు. చేయడం బాగా తెలిసిన పని విషయంలో అది నిజమని ఎన్నో పరిశోధనలు నిరూపించాయి. ఇంకా నేర్చుకుంటున్న పని విషయంలోనే లెక్క మారుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రూత్ కాన్ఫర్, ఫిలిప్ ఆకర్‌మన్ 1989లో ప్రచురించిన ప్రయోగాల్లో, అమెరికా వైమానిక దళ శిక్షణార్థుల చేత విమాన రాకపోకల నియంత్రణను పోలిన పనిని కంప్యూటరు మీద చేయించారు. నేర్చుకునే తొలి దశలోనే అంకెల లక్ష్యం ఇస్తే వారి పనితీరు మెరుగుపడకపోగా దెబ్బతిన్నది; పనిని అర్థం చేసుకోవడానికి పెట్టవలసిన ధ్యాసలో కొంత, లక్ష్యానికి ఎంత దూరంలో ఉన్నామో చూసుకోవడానికే ఖర్చయింది. బడికి వచ్చే పిల్లలు చేసేదంతా ఇంకా నేర్చుకుంటున్న పనే కదా. పెద్దవారైన శిక్షణార్థులనే తికమక పెట్టిన పద్ధతిని పన్నెండేళ్ళ పిల్లల మీద ప్రయోగిస్తూ, దానికి ప్రేరణ అని పేరు పెట్టుకున్నాము.

మధ్యాహ్నం యాప్ తెరిస్తే సర్వరు మొరాయించింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మరో సందేశం వచ్చింది: ఆధారం కింద, విద్యార్థులు తమ లక్ష్య పత్రాలను పట్టుకుని నిలబడిన ఫోటో జతపరచాలట. ఆటల పీరియడ్‌లో ఉన్న తరగతిని వెనక్కి పిలిచి, వరుసగా నిలబెట్టి, కాగితాలు ముఖాలకు అడ్డం రాకుండా పట్టించి ఫోటో తీశాము. ఇలాంటి ఆధారాల మోజు వేరే చోట్ల కూడా ఉండేదని చదివాను. ఇంగ్లండ్‌లో కొన్ని బడుల్లో ఉపాధ్యాయుడు పిల్లవాడి తప్పును నోటితో వివరించినా, వివరించినట్టు నోటుపుస్తకంలో రబ్బరు ముద్ర కొట్టేవారట. ఆ ముద్ర పిల్లవాడికి ఏ విధంగానూ అక్కరకు రాదు; అతడు అక్కడే ఉండి విన్నాడు కదా.

అదే ఇంగ్లండ్‌లో 2016లో, దిద్దుబాటు, పాఠ్యప్రణాళికలు, సమాచార సేకరణ అనే మూడు విషయాల మీద ఉపాధ్యాయుల పనిభారాన్ని పరిశీలించిన మూడు నివేదికలు వెలువడ్డాయి. సమాచారం గురించిన నివేదికలో ఉన్న సలహాలు నాకు నచ్చాయి: ఏ అంకె అడిగినా అది ఎందుకు కావాలో ముందు చెప్పాలి, ఒకసారి సేకరించినదాన్నే అన్నిచోట్లా వాడుకోవాలి, ఇన్నాళ్ళుగా సేకరిస్తున్నాము గనుక ఇకముందూ సేకరించాలని అనుకోకూడదు. ఈ మూడింటిలో రెండోది పాటించినా ఈ ఉదయం నా లీజర్ పీరియడ్ నాకు మిగిలేది, ఆ నోటుపుస్తకాల కట్ట సంచిలో ఇంటికి వచ్చేది కాదు.

సాయంత్రం ప్రధానోపాధ్యాయురాలి గదికి వెళ్ళి, మూడు లక్ష్యాల్లో కనీసం ఒకదాన్ని కొలమానం లేకుండా, పిల్లల మాటల్లోనే ఉంచే వీలు కల్పించమని పైవారికి రాయాలని అడిగాను. ఆమె నన్ను కూర్చోమని చెప్పి, తన ముందున్న చాంతాడంత జాబితాను నావైపు తిప్పి చూపించారు. ఏ బడి ఎంత శాతం ఎక్కించిందో గంటగంటకూ ఆమెకు వచ్చే జాబితా అది. మా బడి వరుస ఎర్రరంగులో ఉంది. “రాస్తాను మేడమ్, తప్పకుండా రాస్తాను. కాని ఈ రాత్రికి ఇది పచ్చగా మారకపోతే రేపు పొద్దున సంజాయిషీ నేనే రాయాలి” అన్నారు. ఆమెతో వాదించడానికి మనసు రాలేదు. లేచి వస్తుంటే, చివర్లో రిమార్కుల గడి ఒకటి ఉంది, అందులో ఏం రాసినా యాప్ అడ్డుచెప్పదు, అక్కడ రాసుకోండి అని తోవ చూపించారు.

ఇంటికి వచ్చి చూస్తే ఆ గడి నిజంగానే ఉంది, కాకపోతే కొద్ది అక్షరాలకే తావు ఉంది. అమ్మాయి వాక్యం ఉన్నది ఉన్నట్టుగా పట్టింది. అబ్బాయి వాక్యం పొడుగైపోయింది. ‘నా పక్కన కూర్చునేవాడు’ తీసేసి ‘నా మిత్రుడు’ అని మార్చాను. భిన్నాలవాడిది ఎక్కిస్తుండగా సర్వరు మళ్ళీ ఆగిపోయింది. మిగిలినవి తెల్లవారుజామున లేచి పూర్తి చేయాలి, ఆ వేళ యాప్ కాస్త చురుకుగా ఉంటుందని లెక్కల మాస్టారు చెప్పారు. వణుకు సంగతికి మాత్రం యాప్‌తో పనిలేదు. రేపటి పాఠంలో చిన్న సంభాషణ ఒకటి ఉంది. అందులో ఒక పాత్ర ఆమెకు, మరో పాత్ర ఆమె స్నేహితురాలికి ఇచ్చి, గడియారం బల్ల సొరుగులో పెట్టి చదివిస్తాను.