"సమాచారం సేకరిస్తున్నాం" అని నేను రాసిన ఒక్క లైను, ఏడాది తిప్పలు

మా మావయ్య ఎమ్మార్వో ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేసేవాడు. అసెంబ్లీ మొదలైందంటే ఆయన ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటేది, ఎందుకింత లేటు అని అత్తయ్య అడిగితే "ఎల్ఏక్యూ వచ్చిందే" అనేవాడు, ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు నేను అదేదో జ్వరం పేరనుకునేవాణ్ణి. ఎవరో ఎమ్మెల్యే అసెంబ్లీలో అడిగిన ప్రశ్నకి లెక్కలు మండలం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి హైదరాబాద్‌కి పంపడమే ఆ జ్వరం అని తెలిసేసరికి నేను ఢిల్లీలో అదే జ్వరంతో కూర్చుని ఉన్నా.

సీజీఎల్ అనే కేంద్ర ఉద్యోగాల పరీక్ష కొట్టి అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా ఒక మినిస్ట్రీలో పడ్డా. ఏ మినిస్ట్రీ అని అడక్కండి, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నా. ట్రైనింగ్‌లో పార్లమెంట్ ప్రశ్నల గురించి చెప్తూ ముంధ్రా కథ చెప్పారు, 1957లో ఎల్ఐసీ డబ్బులు హరిదాస్ ముంధ్రా కంపెనీల్లో పెట్టిన సంగతి సభలో మామూలు ప్రశ్నగా మొదలై, ఫిరోజ్ గాంధీ పట్టుకుని వదలకపోయేసరికి చాగ్లా విచారణ కమిషన్ దాకా వెళ్ళి, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారని. విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. సెక్షన్‌లో చేరాక తెలిసిందేంటంటే ఆ పులకరింత ప్రశ్న అడిగేవాళ్ళకి, జవాబు రాసేవాళ్ళకి ఉండేది కడుపులో మంట.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు ఉంటాయి. స్టార్డ్ అంటే మన అసెంబ్లీ వాళ్ళు నక్షత్ర గుర్తు గల ప్రశ్న అంటారే అది, మంత్రిగారు లేచి నిలబడి చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు కూడా వస్తాయి. టీవీలో మనం చూసేది అదే. అన్‌స్టార్డ్ అంటే రాతపూర్వక జవాబు, కాగితం సభలో పెట్టేస్తారు, ఎవరూ లేవరు, ఎవరూ అరవరు. ఒక ఎంపీ ఒక రోజుకి 5 నోటీసుల దాకా ఇవ్వచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు, వెటకారాలు ఆరోపణలు ఉండకూడదు, అభిప్రాయం అడక్కూడదు. ఏది ముందు ఏది వెనక అనేది లాటరీ. మినిస్ట్రీలన్నిటినీ వారంలో రోజులకి పంచేస్తారు, మా రోజు ఏదో చెప్తే మినిస్ట్రీ చెప్పినట్టే కాబట్టి అదీ చెప్పను.

అందరూ స్టార్డ్ గురించే భయపడతారు. నిజంగా కొరుకుడు పడనిది అన్‌స్టార్డే అని నా అభిప్రాయం, ఎందుకంటే స్టార్డ్‌లో సభలో గొడవైతే ఆ గంట కాస్తా గడిచిపోతుంది, అన్‌స్టార్డ్ కాగితం ఏ గొడవ జరిగినా సభలో పెట్టినట్టే లెక్క, రికార్డులో ఉండిపోతుంది, మూడేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు తీసి చదువుతారు.

పక్క సెక్షన్‌లో శ్రీకాకుళం అన్న ఒకాయన ఉన్నాడు, పద్నాలుగేళ్ళ సర్వీసు. నా మొదటి సెషన్‌లో క్యాంటీన్‌కి తీసుకెళ్ళి క్లాసు పీకాడు. "తమ్ముడూ, ప్రశ్న చేతికి రాగానే 'అయితే' అనే మాట ఎక్కడుందో వెతుకు. ప్రభుత్వం ఫలానాది చేసిందా, అయితే వివరాలేంటి, అయితే ఎంత ఖర్చయింది, అలా ఉంటాయి. మొదటిదానికి లేదు అన్నావనుకో, మిగతా మూడింటికీ 'ఉత్పన్నం కాదు' అని రాసి ఇంటికి పోవచ్చు." నేను నవ్వా. ఆయన నవ్వలేదు, అది సీరియస్ సలహా అన్నమాట. మీకు గుర్తుందో లేదో, 2020 సెప్టెంబర్‌లో కరోనా టైంలో ప్రశ్నోత్తరాల గంట తీసేసి రాతపూర్వక జవాబులు మాత్రమే ఉంచారు. అప్పుడు లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కార్మికులెంతమంది, వాళ్ళకి పరిహారం ఇచ్చారా అని అడిగితే కార్మిక శాఖ ఇచ్చిన జవాబు, అలాంటి లెక్క నిర్వహించడం లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదు అని. దేశమంతా తిట్టింది. కానీ ఆ వాక్యాలు ఆ రోజు కొత్తగా పుట్టినవి కావు, మా ఫైళ్ళ నిండా అవే.

నిజం చెప్పాలంటే చాలా ప్రశ్నలు కూడా అలాగే ఉంటాయి. నలుగురైదుగురు ఎంపీలు మక్కీకి మక్కీ ఒకటే ప్రశ్న పంపుతారు, అన్నీ క్లబ్ చేసి ఒకే జవాబు ఇస్తాం. 2005లో డబ్బులు తీసుకుని ప్రశ్నలడిగారని 11 మంది ఎంపీల్ని సభల్లోంచి బహిష్కరించారు, అదీ ఉంది. కాబట్టి ప్రతి ప్రశ్న వెనకా ప్రజల కన్నీళ్ళున్నాయని నేనేం అనను. కొన్ని ఉంటాయి. నాకు తగిలింది అలాంటిది.

ఆడపిల్లల హాస్టల్ బిల్డింగులకి రాష్ట్రాలకి డబ్బులిచ్చే స్కీమ్ మా సెక్షన్‌లో ఉండేది. దాని మీద అన్‌స్టార్డ్ ప్రశ్న వచ్చింది. ఎంపీ మన తెలుగువాళ్ళు కాదు. నాలుగు భాగాలు. (ఎ) ఫలానా తేదీన ఫలానా నంబరు ప్రశ్నకి ఇచ్చిన జవాబులో ఈ స్కీమ్‌ని ఆన్‌లైన్‌లో క్రమం తప్పకుండా మానిటర్ చేస్తున్నామని ప్రభుత్వం చెప్పిందా, (బి) గత మూడేళ్ళలో రాష్ట్రాల వారీగా ఎన్ని హాస్టళ్ళు శాంక్షన్ అయ్యాయి, (సి) వాటిలో ఈ రోజుకి పిల్లలు నిజంగా ఉంటున్నవి జిల్లాల వారీగా ఎన్ని, (డి) మిగతావి ఖాళీగా ఉండడానికి కారణాలేంటి. "అయితే" అనే మాట ఎక్కడా లేదు. కాగితం తీసుకెళ్ళి శ్రీకాకుళం అన్నకి చూపిస్తే రెండుసార్లు చదివి, "దీన్ని రాసినవాడెవడో మన ఆఫీసులోనే పుట్టాల్సినవాడు" అన్నాడు.

మా దగ్గర ఉన్నది శాంక్షన్ల లెక్క, రాష్ట్రాలు పంపిన యూసీలు, అంటే డబ్బు ఖర్చయిందని ఇచ్చే సర్టిఫికెట్లు. బిల్డింగ్ పూర్తయిందా అనేది ఉంది. అందులో పిల్లలున్నారా అనేది ఏ కాలమ్‌లోనూ లేదు, ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి లేదు. ముందు ఇది రాష్ట్రాల విషయం కదా, ప్రశ్నే అనుమతించొద్దని చెబుదాం అనుకున్నారు పైన, అలాగే రాసి పంపాం కూడా, కేంద్రం డబ్బు ఉంది కాబట్టి అది నిలబడలేదు, ఫైనల్ లిస్టులో ప్రశ్న వచ్చేసింది. చేతిలో వారం కూడా లేదు. రాష్ట్రాలకి మెయిళ్ళు, ఫోన్లు, వాట్సాప్‌లు. కొన్ని రాష్ట్రాలు అసలు పలకలేదు. కొన్ని "నిల్" అని పంపాయి, దేనికి నిల్లో తెలీదు.

డ్రాఫ్ట్ నేనే రాశా. (ఎ)కి అవును, (బి)కి అనెక్సర్ చూడండి, (సి), (డి)లకి "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం". నాకు అది చాలా మర్యాదగా కనిపించింది. మా సెక్షన్ ఆఫీసర్ మలయాళీ మేడం, ఇరవై ఏళ్ళు ఇదే పని చేసినావిడ, చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది అష్యూరెన్స్ అవుతుంది తెలుసా?" అన్నారు. నాకు తెలీదు. అంటే ఇలాంటి మాటలు, "పరిశీలిస్తున్నాం", "సేకరిస్తున్నాం", "చర్యలు తీసుకుంటాం" లాంటివి సభకి మంత్రి ఇచ్చిన హామీ కింద లెక్క, వాటికి ఒక లిస్టే ఉంది. వాటి వెంట పడడానికే గవర్నమెంట్ అష్యూరెన్సెస్ కమిటీ అని ఒకటి 1953 నుంచి ఉంది. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేదా ఎందుకు కాలేదో చెప్పి గడువు అడుక్కోవాలి.

అయితే "అలాంటి సమాచారం కేంద్రం దగ్గర ఉండదు" అని రాసేద్దాం అన్నా. మేడం (ఎ) మీద వేలు పెట్టి చూపించారు. క్రమం తప్పకుండా మానిటర్ చేస్తున్నాం అని మనమే ఏడాది కింద చెప్పాం. ఇప్పుడు పిల్లలున్నారో లేదో తెలీదు అంటే ఆ జవాబు అబద్ధం అవుతుంది, తప్పు జవాబైతే మంత్రిగారు మళ్ళీ సభలో సవరణ స్టేట్‌మెంట్ ఇచ్చుకోవాలి, ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. పాత జవాబుతోనే మా కాళ్ళకి బంధం వేశాడా ఎంపీ. అండర్ సెక్రటరీ, డైరెక్టర్, జేఎస్ (జాయింట్ సెక్రటరీ), సహాయ మంత్రి దాకా ఫైలు వెళ్ళింది, హిందీ అనువాదం రాత్రి పదకొండింటికి వచ్చింది, నా లైను అక్షరం మారకుండా సభలో పడింది. ఆ రాత్రి మెట్రో పట్టుకుంటుంటే మావయ్య గుర్తొచ్చాడు.

తర్వాత మొదలైంది అసలు సినిమా. కాలమ్స్ గీసి రాష్ట్రాలకి పంపాం, శాంక్షన్ అయినవి, పూర్తయినవి, ఈ తేదీకి ఉంటున్న పిల్లల సంఖ్య అని. మూడు నెలలయింది, సగం రాలేదు, గడువు అడిగాం. ఆర్నెల్లయింది, మళ్ళీ అడిగాం. వచ్చిన వాటిలో పిల్లల కాలమ్ నిండా 100, 100, 50, 100, ఎక్కడ చూసినా గుండ్రటి అంకెలే. దేశంలో ఒక్క పిల్ల కూడా సెలవు పెట్టదా, ఒక్క పిల్ల కూడా మానెయ్యదా అని డౌటొచ్చింది. మేడం ఊరుకో అంటారేమో అనుకుంటే, "నీకు తెలుగు వచ్చుగా, ఒక జిల్లాకి ఫోన్ చేసి చూడు" అన్నారు.

చేశా. అవతల సీనియర్ అసిస్టెంట్ ఎవరో ఎత్తారు. ఢిల్లీ నుంచి అనగానే హిందీలో "జీ సర్ జీ సర్" మొదలెట్టాడు, నేను తెలుగులో మాట్లాడేసరికి ఊపిరి పీల్చుకున్నాడు పాపం.

"బిల్డింగ్ ఉందా అండి?"

"ఉంది సార్, ఫస్ట్ క్లాస్ బిల్డింగు. యూసీ కూడా పంపేశాం."

"పిల్లలు?"

"పిల్లలు లేరు సార్. బోరు వేస్తే నీళ్ళు పడలా. ట్యాప్ కనెక్షన్‌కి ఎస్టిమేట్ వేసి పైకి పంపాం, రెండేళ్ళయింది. ఖాళీగా ఎందుకని ప్రస్తుతానికి బియ్యం బస్తాలు పెట్టారు."

"మరి కాలమ్‌లో 100 అని రాశారు?"

"అది కెపాసిటీ సార్. మమ్మల్ని కెపాసిటీ అడిగారనుకున్నాం."

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ షీటు వంక చూస్తూ కూర్చున్నా. ఆయన అబద్ధమేం చెప్పలేదు, అడిగితే అన్నీ చెప్పాడు. అడిగినవాళ్ళే లేరు. వంద పేజీల మానిటరింగ్ రిపోర్టులు మా అల్మరాలో ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ బోరు పడలేదని లేదు. 

మేడం ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టి హిందీ రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలకి చేయించారు, అక్కడా ఇదే వరస, ఒకచోట కరెంటు మీటర్ లేదు, ఇంకోచోట ప్రహరీ లేదని తల్లిదండ్రులు పంపడం లేదు, ఇంకోచోట వార్డెన్ పోస్టే లేదు. నోట్ పెట్టాం. జేఎస్ గారు చదివి మొదట చిరాకు పడ్డారు, తర్వాత రాష్ట్రాల సెక్రటరీలకి డీవో లెటర్లు, అంటే పేరు పెట్టి నేరుగా రాసే ఉత్తరాలు రాశారు, పార్లమెంట్ ముందు పెట్టాల్సిన లెక్క ఇది, మీ రాష్ట్రం పేరు పక్కన ఏ అంకె ఉండాలో మీరే తేల్చుకోండి అన్న అర్థంలో, భాష మాత్రం చాలా మెత్తగా. అంతవరకూ మా మెయిల్స్‌కి పలకని వాళ్ళు కూడా పలికారు.

నెల తిరక్కుండా ఆ సీనియర్ అసిస్టెంటే నాకు ఫోన్ చేశాడు. "సార్, బస్తాలు తీయించేశాం, ట్యాంకర్ పెట్టి ముప్పై మంది పిల్లల్ని చేర్చాం, ఇప్పుడు 30 అని రాసుకోండి." నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ట్యాంకర్ ఎన్నాళ్ళుంటుంది? రిపోర్టు వెళ్ళేదాకానా? అయినా ముప్పై మంది ఆడపిల్లలు ఆ రాత్రి నుంచి ఆ గదుల్లో పడుకుంటున్నారు, అదీ నిజమే కదా. రెండేళ్ళు కదలని ఎస్టిమేట్ ఫైలు కూడా కదిలిందని చెప్పాడు, నేను నమ్మీ నమ్మనట్టు విన్నా.

ఆయన చెప్పిన 30 అలాగే రాశా. కారణాల కాలమ్‌లో "నీటి సదుపాయం తాత్కాలికం" అని కలిపా. పైవాళ్ళు దాన్ని కొట్టేస్తారనుకున్నా, మేడం టిక్ పెట్టి పంపారు, పైన కూడా ఎవరూ ముట్టుకోలేదు, బహుశా ఎవరూ అంత దూరం చదివి ఉండరు. దాదాపు ఏడాదికి అమలు నివేదిక సభలో పెట్టారు. ఆ రోజు పెట్టిన కాగితాల జాబితాలో ఒక లైను. ఏ పేపర్లోనూ రాలేదు. నేను క్యాంటీన్‌లో శ్రీకాకుళం అన్నకి టీ ఇప్పించా, అంతే మా సెలబ్రేషన్.

తర్వాతి సెషన్‌కి నోటీసులు వచ్చాయి. మా సెక్షన్‌కి మూడు. రెండు మామూలువి, "అయితే వివరాలేంటి" రకం. మూడోది అదే ఎంపీ నుంచి. (ఎ) ఫలానా అష్యూరెన్స్ అమలు నివేదికలో నీటి సదుపాయం తాత్కాలికం అని చూపిన హాస్టళ్ళకి శాశ్వత కనెక్షన్ ఇచ్చిన తేదీలు ఏవి.

ఒక మనిషైతే అంత దూరం చదివాడన్నమాట.

ఫోన్ తీసి జిల్లాకి చేశా. గొంతు గుర్తుపట్టాడు.

"ఎల్ఏక్యూనా సార్?"

"కాదండీ, ఇది పార్లమెంటుది."

"ఏదైనా ఒకటే సార్. ఎప్పటికి కావాలి?"

"సాయంత్రానికి."